నాగావళి దిగువన ఒక మసీదు

మన కుటుంబ పేజీలో ఇంతవరకు రాయగడ మజ్జిగౌరమ్మ గుడి గురించి రాశాం, ఘాటుల్లోకి రైలు వచ్చిన కథ రాశాం, కొల్నారలో పెద్దవాళ్ళు దాచిన పాత రసీదుల గురించి రాశాం. ఈసారి ఒక మసీదు గురించి రాస్తున్నాం. "మనకేటి సంబంధం?" అని ఇంట్లో కొందరు ముందే అడిగేశారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ వ్యాసంలోనే ఉంది గాని, చివర్లో ఉంది. ముందు మసీదు సంగతి చూద్దాం.

ఆ మసీదు శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదు. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున ఈ ప్రాంతానికి మొదటి ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ దాన్ని 1641లో కట్టించాడని పాత గెజిటీర్లు చెప్తాయి. అంటే ఇప్పటికి 380 ఏళ్ళు దాటింది. ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. మన రాయగడ జిల్లాలోనూ అంతే. అంత కొద్దిమంది ఉన్నచోట అంత పాత మసీదు ఇంకా నమాజు జరిగే మసీదుగా ఎలా నిలిచింది అన్నదే మేం చెప్పాలనుకున్న విషయం.

ఎగువన మనం, దిగువన వాళ్ళు

కొల్నార నుంచి శ్రీకాకుళం అంటే మన పిల్లలకి ఇప్పుడు వేరే రాష్ట్రం. బెంగళూరులోనో హైదరాబాదులోనో పెరిగిన పిల్లలకైతే రెండూ మ్యాపులో రెండు చుక్కలే. కాని నది మాత్రం ఒకటే. నాగావళి కలహండి కొండల్లో పుట్టి, కల్యాణసింగుపురం, రాయగడ మీదుగా కిందికి దిగి, పార్వతీపురం వైపు ఆంధ్రలోకి వెళ్తుంది. తోటపల్లి దగ్గర ఆనకట్ట దాటి, శ్రీకాకుళం ఊరి పక్కనుంచి పారి, కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాత ఇంగ్లీషు కాగితాల్లో దీన్నే లాంగుల్య అని రాసేవారు. మన వైపు కొండల మీద కురిసిన వాన రెండు మూడు రోజులకి శ్రీకాకుళం వంతెన కింద వరదై పోతుంది.

నది దారే పాలన దారి కూడా. కొండల్లో పండిన పంట, అడవి సరుకు కిందికి దిగేవి. ఉప్పు, బట్ట, పన్ను అడిగే మనుషులు పైకి ఎక్కేవారు. శ్రీకాకుళంలో ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట ఏదో ఒక రూపంలో రాయగడ దాకా వినిపించేది.

గోల్కొండ వచ్చిన విధం

16వ శతాబ్దంలో రాయగడ చిన్న ఊరు కాదు. జయపురం రాజుల్లో పేరున్న విశ్వనాథ దేవ్ రాజధాని అది. మజ్జిగౌరమ్మ గుడిని ఆయన పేరుతోనే ముడిపెట్టి చెప్తారు. ఆ కాలంలోనే కళింగంలో గజపతుల బలం తగ్గిపోయింది. 1568లో ముకుందదేవుడు చనిపోయాక కటకంలో పెద్ద దిక్కు లేకుండా పోయింది. ఆ సందులో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు 1571 ప్రాంతంలో రాజమహేంద్రవరం దాటి ఉత్తరానికి వచ్చేశాయి. విశ్వనాథ దేవ్ తర్వాత వచ్చిన జయపురం రాజులు గోల్కొండకి కప్పం కట్టే స్థితికి వచ్చారు.

గెలవడం ఒకెత్తు, నడపడం ఒకెత్తు. గోల్కొండ నుంచి శ్రీకాకుళం చాలా దూరం. దారిలో గోదావరి, అడవులు, మాట వినని దొరలు. అందుకని ఇక్కడ ఒక ఫౌజుదారుని పెట్టారు. ఫౌజుదారు అంటే సైన్యం, పన్ను వసూలు, తగువుల తీర్పు, ఈ మూడూ చేతిలో ఉన్న అధికారి. అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండ గద్దె మీద ఉండగా ఆ పదవిలోకి వచ్చినవాడే షేర్ మహమ్మద్ ఖాన్.

ఆయన కట్టించింది జామియా మసీదు. ఆ మాటకి అర్థం తెలిస్తే సంగతి సగం తెలిసినట్టే. రోజూ చేసే నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చు; ఇంట్లో, పొలంలో, రైలు ప్లాట్‌ఫారం మీద అయినా సరే. శుక్రవారం మధ్యాహ్నం నమాజు మాత్రం అందరూ కలిసి చేసేది. అందరినీ జమ చేసే మసీదు కాబట్టి అది జామియా. ఆ రోజు నమాజుకి ముందు ఖుత్బా అనే ప్రసంగం ఉంటుంది. పాత రోజుల్లో ఆ ప్రసంగంలో పాలించే సుల్తాను పేరు చెప్పి దీవించడం ఆనవాయితీ. ఎవరి పేరు చదివితే వాళ్ళదే రాజ్యం. నాణెం మీద పేరు ఎంతో, ఖుత్బాలో పేరు అంత. కాబట్టి 1641లో ఆ మసీదు సిపాయిలూ అధికారులూ నమాజు చేసుకునే చోటే కాదు, "ఇక్కడ గోల్కొండ ఉంది" అని ఊరికి తెలియజేసే గుర్తు కూడా. దేవుడి ఇల్లూ, రాజు ముద్రా ఒకే గోడల మధ్య ఉన్నాయి.

రెండు రకాల జ్ఞాపకాలు

షేర్ మహమ్మద్ ఖాన్ గురించి ఉత్తరాంధ్రలో రెండు రకాల కథలు మిగిలాయి. రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది చరిత్ర కాదు, వకాల్తా అవుతుంది.

మొదటిది స్నేహం కథ. విజయనగరం పూసపాటివారి పూర్వీకుడు మాధవవర్మ 1652లో ఈ ఫౌజుదారు వెంటే విశాఖపట్నం ప్రాంతానికి వచ్చి కుమిలి, గండ్రేడు కౌలుకి పొందాడని చెప్తారు. బొబ్బిలి వంశం మూలపురుషుడు పెద్దరాయుడు కూడా ఆయనతోనే వచ్చాడంటారు. పెద్దరాయుడి కొడుకు లింగప్ప ఒక సందర్భంలో ఫౌజుదారు కొడుకుని శత్రువుల చేతినుంచి విడిపించాడట. అందుకు బహుమానంగా పన్నెండు ఊళ్ళూ, రంగారావు అనే బిరుదూ వచ్చాయట. షేర్ అంటే పులి కదా, ఆ కృతజ్ఞతతో లింగప్ప తన కోటకి పెద్దపులి అని పేరు పెట్టాడనీ, అది పెబ్బులి అయి, బొబ్బిలి అయిందనీ వంశ కథ. పేరు పుట్టుక నిజంగా అదేనా కాదా అన్నది అలా ఉంచండి. ఒక హిందూ జమీందారీ కుటుంబం తన కోట పేరునే ముస్లిం ఫౌజుదారు పేరుకి ముడిపెట్టి, వందల ఏళ్ళు గర్వంగా చెప్పుకుంది. అది చిన్న విషయం కాదు.

రెండోది భయం కథ. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి సంప్రదాయం ప్రకారం, షేర్ మహమ్మద్ ఖాన్ కాలంలో గుళ్ళు కూలుతున్నాయని తెలిసి స్వామి విగ్రహాన్ని బావిలో దాచేశారు. ఆ విగ్రహాన్ని తర్వాత పైకి తీసి, 1778లో యలమంచిలి పుల్లాజీ పంతులుగారు మళ్ళీ గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించారు. రథసప్తమికి మన ఇళ్ళనుంచి వెళ్ళేవాళ్ళు ఈ కథ వినే ఉంటారు.

ఈ రెండు కథలూ ఒకే మనిషి గురించి. ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. ఆయన ఒక సుల్తాను అధికారి. అవసరమైన చోట రాజీ, అవసరమైన చోట కత్తి. తనకి పనికొచ్చిన హిందూ దొరలకి ఊళ్ళు ఇచ్చాడు. తనకి అడ్డం అనుకున్నచోట ఊరుకోలేదు. ఆ రోజుల్లో అధికారం చేసినవాళ్ళు, ఏ మతంవాళ్ళయినా, చాలామంది ఇలాగే ఉన్నారు. దీన్ని తగ్గించీ చెప్పక్కర్లేదు, పెంచీ చెప్పక్కర్లేదు.

మూడో రకం జ్ఞాపకం ఒకటి ఉంది. అది మన నోట్లోనే ఉంది. జిల్లా, తాలూకా, తహసీల్దారు, జమాబందీ, కచేరీ, రసీదు, దస్తావేజు, కిస్తు, ఇనాము, ఫిర్యాదు, ఖాతా. ఈ మాటల్లో చాలావరకు పారశీక, అరబ్బీ మాటలు, సుల్తానుల కచేరీల ద్వారా తెలుగులోకి దిగినవి. మేం కన్నడ మీడియంలో చదువుకున్నాం. అక్కడ కూడా తహశీల్దార్, జమాబంది, రశీది అనే నేర్చుకున్నాం. కొల్నారలో ఒడియా కాగితాలు చూస్తే అక్కడా తహసిల్, దస్తఖత్ అనే ఉంటాయి. మూడు లిపులు, మూడు రాష్ట్రాలు, కచేరీ మాట మాత్రం ఒకటే. "సర్కారు జిల్లాలు" అనే పేరులోనే సర్కారు ఉంది.

అధికారం వెళ్ళిపోయింది

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. అంటే మసీదు కట్టిన 46 ఏళ్ళకే దాన్ని కట్టించిన రాజ్యం లేదు. తర్వాత మొగలులు, 1724 తర్వాత నిజాములు. శ్రీకాకుళంలో ఫౌజుదార్లు మారుతూ వచ్చారు. వాళ్ళలో అన్వరుద్దీన్ ఖాన్ తర్వాత ఆర్కాటు నవాబయ్యాడు. 1749లో ఆంబూరు యుద్ధంలో చనిపోయింది ఆయనే. ఆయన కొడుకు మహఫూజ్ ఖాన్ పేరుమీద శ్రీకాకుళానికి మహఫూజ్ బందర్ అనే పేరు కూడా ఉండేది. పూలతోటల ఊరని గుల్షనాబాద్ అనీ అన్నారు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అదే ఊరు చికాకోల్ అయింది. ఆ పేరుతోనే అక్కడ నేసిన సన్నటి మస్లిన్ బట్ట దూరదేశాలకి వెళ్ళింది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కార్లని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చేశాడు. అది ఇష్టంలేక శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ మరాఠాలని పిలిచాడు. ఊళ్ళు దోపిడీ పాలయ్యాయి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. పెద్దపులి పేరు పెట్టుకున్న కోట బుస్సీ ఫిరంగుల ముందు బూడిదైంది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించారు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. దాంతో సర్కార్లు కంపెనీవి అయ్యాయి.

ఆ తర్వాత శ్రీకాకుళం రాజధాని కాదు. గంజాం జిల్లాలో ఒక తాలూకా ఊరు అయింది. 1791 కరువులో ఊరు దాదాపు ఖాళీ అయిందని రాశారు. 1866 కరువు మళ్ళీ కొట్టింది. 1876లో నాగావళి వరద వంతెన కమానులు ఆరింటిని తీసుకుపోయింది. ఫౌజుదారు లేడు, సిపాయిలు లేరు, ఖుత్బాలో చదవడానికి ఆ సుల్తాను పేరు లేదు. రాజు ముద్ర పూర్తిగా చెరిగిపోయింది.

మసీదు మాత్రం ఉంది.

అది ఎలా నిలిచింది

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ పనిలో రోజూ కనిపించే సంగతి ఒకటుంది. ప్రోగ్రాం రాసిన టీం ఎప్పుడో వెళ్ళిపోతుంది. పదేళ్ళ తర్వాత కూడా అది నడుస్తోందంటే, ఆ తర్వాత ఎవరో రోజూ దాన్ని చూసుకుంటున్నారన్నమాట. రాసినవాడి పేరు ఫైలు మొదట్లో ఉంటుంది. చూసుకున్నవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. మసీదు విషయం కూడా అంతే.

ముందు చట్టం సంగతి. ఇస్లాంలో వక్ఫ్ అనే పద్ధతి ఉంది. ఒక ఆస్తిని దేవుడి పేరున ఒకసారి రాసిచ్చేస్తే అది ఇక అమ్మడానికి లేదు, పంచుకోవడానికి లేదు. దాని మీద వచ్చే ఆదాయం రాసిచ్చిన పనికే వాడాలి. చూసుకునే మనిషి ముతవల్లీ. ఆయన యజమాని కాదు, కాపలాదారు. మన గుళ్ళకి ధర్మకర్త ఉన్నట్టే. రాజు ఓడిపోతే రాజు భూమి పోతుంది గాని, దేవుడికి రాసిన భూమి పోకూడదు అన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1817లో ఒక రెగ్యులేషన్ తెచ్చి గుళ్ళు, మసీదుల ఆస్తుల పర్యవేక్షణని రెవెన్యూ బోర్డు కింద పెట్టారు. క్రైస్తవ ప్రభుత్వం ఇతర మతాల గుళ్ళని ఎందుకు చూసుకోవాలి అని ఇంగ్లండులో గొడవ మొదలయ్యాక, 1863 చట్టంతో ప్రభుత్వం చేతులు కడిగేసుకుంది. గుళ్ళనీ మసీదుల్నీ ధర్మకర్తలకీ స్థానిక కమిటీలకీ అప్పగించింది. తర్వాత 1923లో వక్ఫుల లెక్కలు చూపాలని చట్టం, స్వాతంత్ర్యం వచ్చాక 1954లో, మళ్ళీ 1995లో వక్ఫ్ చట్టాలు వచ్చాయి.

1863 అన్న సంవత్సరాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. ఫౌజుదారు కట్టించిన మసీదులయినా, జమీందారు కట్టించిన గుళ్ళయినా, ఆనాటినుంచి వాటి బరువు ఆ ఊరివాళ్ళ భుజాల మీదే పడింది. పెద్ద ఊళ్ళలో, వేలమంది ఉన్నచోట, అది పెద్ద కష్టం కాదు. శ్రీకాకుళం లాంటి చోట, కొద్దిపాటి కుటుంబాలే ఉన్నచోట, అది ప్రతి తరం మళ్ళీ ఎత్తుకోవాల్సిన బరువు.

ఒక మసీదు నడవాలంటే ఏం కావాలో లెక్కేసి చూడండి. రోజుకి అయిదుసార్లు అజా ఇచ్చే మనిషి కావాలి. నమాజు చదివించే ఇమాము కావాలి. ఆయనకి జీతం, ఉండటానికి ఇల్లు. వజూ చేసుకోవడానికి నీళ్ళు కావాలి. చాపలు, దీపం నూనె, ఇప్పుడైతే కరెంటు బిల్లు. రంజానుకి ముందు సున్నం, ఇఫ్తారుకి ఖర్జూరం. పిల్లలకి అరబ్బీ అక్షరాలు నేర్పేవాళ్ళు. చనిపోయినవాళ్ళకి స్నానం చేయించి, జనాజా మోసి, ఖబరస్తానులో జాగా చూపించేవాళ్ళు. ఇదంతా పండగ పని కాదు, రోజువారీ పని. సుల్తాను ఖజానా ఇచ్చినప్పుడు ఇది ఉద్యోగం. ఖజానా పోయాక ఇది చందా. చందా అంటే బట్టల కొట్టువాడూ, టైలరూ, మెకానిక్కూ, టీచరమ్మా తలా కొంత వేసుకోవడం.

శుక్రవారం నమాజుకి కనీసం ఎంతమంది ఉండాలి అన్నదానికి ధర్మశాస్త్రంలో లెక్క ఉంది. మన వైపు ముస్లిములు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, ఇమాము కాక ముగ్గురు ఉంటే చాలు. షాఫయీ పద్ధతిలో నలభైమంది కావాలి. ఆ చిన్న లెక్క మీద మేం చాలాసేపు ఆలోచించాం. జామియా మసీదుని సైన్యం కోసం కట్టారు. అది నడవడానికి మాత్రం నలుగురు చాలు. అయితే ఆ నలుగురూ ప్రతి శుక్రవారం రావాలి. ఒక్కరు మానేసినా ఆ రోజు జుమ్మా ఉండదు. తక్కువమంది ఉన్నచోట ప్రతి మనిషి బరువు ఎక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటి మసీదులు ఇరుగుపొరుగు లేకుండా నిలవవు. ఇంట్లో ఉర్దూ, వీధిలోకి వస్తే అచ్చం శ్రీకాకుళం యాస. బేరం, పెళ్ళి, చావు అన్నీ చుట్టుపక్కల హిందువులతోనే. తెలుగు పల్లెల్లో పీర్ల పండగ ఎవరు చేస్తారో మీకు తెలుసు. చాలాచోట్ల పీరు ఎత్తేది హిందువులే. కర్ణాటకలో రాయచూరు, కొప్పళ, బళ్ళారి వైపు దాన్ని అలాయి హబ్బ అంటారు. అక్కడ ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊళ్ళో కూడా మొహర్రానికి గుండం తవ్వుతారు. అరసవల్లి బావి కథ నిజమే అనుకున్నా, ఆ తర్వాతి కాలం కథ వేరేగా నడిచింది. రెండింటికీ చోటు ఇస్తేనే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు మన సంగతి

మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. మనకేటి సంబంధం?

మన తెలుగు కొల్నారకి ఎలా వచ్చింది? ఆలోచిస్తే అది కూడా అధికారం వెంటే వచ్చింది. జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1839 చట్టంతో ఈ కొండ ప్రాంతాన్ని ఏజెన్సీ చేశారు. కచేరీలో తెలుగు, కోర్టులో తెలుగు, కరణం లెక్కల్లో తెలుగు. ఆ కాగితాల వెనకే గుమాస్తాలు, వర్తకులు, వడ్డీవ్యాపారులు, కంట్రాక్టర్లు ఎక్కి వచ్చారు. 1909 నాటికి రైలు పార్వతీపురం దాకా, 1931కి రాయగడ మీదుగా రాయపూరు దాకా వేశారు. దాంతో ఇంకొంతమంది వచ్చారు. మనవాళ్ళు ఆ గుంపులోవాళ్ళే.

కోందుల ఊళ్ళలోకి మనం ఖాళీ చేతులతో వెళ్ళలేదు, పద్దు పుస్తకంతో వెళ్ళాం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల అప్పుల కింద కొండవాళ్ళ భూములు ఎంతగా పోతున్నాయంటే, మద్రాసు ప్రభుత్వం 1917లో ప్రత్యేకంగా ఒక చట్టం తేవాల్సి వచ్చింది. వడ్డీకి హద్దు పెట్టారు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్ళకి చెల్లదన్నారు. అలాంటి చట్టం ఊరికే రాదు. షేర్ మహమ్మద్ ఖాన్ గురించి మనం అడిగే ప్రశ్న కోందులు మన తాతల గురించి అడగొచ్చు. వాళ్ళ దగ్గర కూడా రెండు రకాల కథలు ఉంటాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. కోరాపుట్ కొత్త జిల్లా అయింది, రాయగడ అందులోకి వెళ్ళింది. అప్పుడు జయపురం గద్దె మీద ఉన్నది విక్రమదేవ వర్మగారు. తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు. ఒకే మనిషిలో రెండు భాషలూ ఉన్నా, కచేరీలో ఒక భాషే ఉండగలదు. మెల్లగా తెలుగు కచేరీనుంచి వెళ్ళిపోయింది. 1992లో రాయగడ జిల్లా అయ్యేసరికి అది ఇంట్లో భాష, బజారు భాష మాత్రమే.

అంటే మన తెలుగుకి కూడా ఒక 1687 వచ్చింది. రాజు ముద్ర పోయింది. మిగిలింది మాట్లాడేవాళ్ళు మాత్రమే.

మా ఇంట్లోనే చూడండి. తాతగారి తరం తెలుగు బడిలో చదివింది. నాన్నల తరం ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడింది. ఉద్యోగాల వెంట కర్ణాటక వెళ్ళాక మేం కన్నడ బడిలో చదివాం. తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాలకి దగ్గరగా ఉండబట్టి ఇంట్లో నేర్చుకోగలిగాం. మా పిల్లలు ఇంగ్లీషు బడిలో ఉన్నారు. నాలుగు తరాలు, నాలుగు బడులు. మధ్యలో ఎక్కడైనా ఒక తరం "మనకెందుకులే" అనుకుని ఉంటే ఈ వ్యాసం ఈ లిపిలో ఉండేది కాదు.

శ్రీకాకుళం మసీదు నుంచి మేం నేర్చుకున్నది ఇదే. ఎవరు, ఎందుకు మొదలుపెట్టారన్నదానికి వాళ్ళే జవాబుదారీ. అది మంచీ కావచ్చు, చెడూ కావచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. తర్వాత మూడొందల ఏళ్ళు దాన్ని మోసినవాళ్ళని మొదటివాడి లెక్కలో వేయకూడదు. శుక్రవారం కొట్టు కాసేపు మూసి నమాజుకి వెళ్ళే టైలరు ఫౌజుదారు వారసుడు కాదు. ఆయన ముందుతరాల టైలర్ల వారసుడు. అలాగే ఇవాళ రాయగడ బజార్లో తెలుగు మాట్లాడే ముసలమ్మ ఏ మద్రాసు కలెక్టరు వారసురాలూ కాదు. ఎవరైనా మసీదు వైపు వేలుచూపి "వీళ్ళు బయటివాళ్ళు" అంటే, అదే మాట కొల్నారలో మన గుమ్మం వైపు కూడా తిరుగుతుందని మనం గుర్తుపెట్టుకోవాలి. తక్కువమంది ఉన్నచోట బతకడం ఎలాగో వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు.

పిల్లలున్నవాళ్ళకి ఒక చిన్న విన్నపం. ఈసారి రథసప్తమికో సెలవులకో అరసవల్లి వెళ్తే, దర్శనం అయ్యాక శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళి జామియా మసీదు ఎక్కడో అడగండి. లోపలికి వెళ్ళాలంటే నమాజు వేళ కాకుండా చూసుకుని, పెద్దవాళ్ళని అడిగి, చెప్పులు విప్పి వెళ్ళండి. తర్వాత నాగావళి వంతెన మీద ఆగి, ఆ నీళ్ళు మన రాయగడ మీదుగా వచ్చాయని పిల్లలకి చెప్పండి. బావి కథా చెప్పండి, బొబ్బిలి పులి కథా చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి మానొద్దు.

వచ్చే నెల రాయగడ, గుణుపురం వైపు పాత తెలుగు బడుల గురించి రాయాలనుకుంటున్నాం. మీ ఇళ్ళలో తాతలు, మామ్మలు చదివిన బడి సర్టిఫికెట్లు, పలకల మీద రాసిన పేర్లు, పంతుళ్ళ జ్ఞాపకాలు ఏమైనా ఉంటే ఫోటో తీసి పంపండి. కాగితం చిరిగినా పరవాలేదు. అక్షరం కనబడితే చాలు.